బ్లాగుల ఊళ్ళోకి కాలిబాటలు

"తెలుగు బ్లాగులా? అవెప్పుడో పోయాయిగా!" అని చాలామంది తేలిగ్గా అనేస్తున్నారు. రుజువేదీ అంటే ఫోను తీసి గూగుల్లో ఏదో ఒక మాట కొట్టి చూపిస్తారు. పేజీ నిండా పత్రికల సైట్లు, యూట్యూబు వీడియోలు, మధ్యలో వికీపీడియా. బ్లాగు ఒక్కటీ తగలదు. దీన్నిబట్టి బ్లాగుల్లేవని తేల్చేయడం, బస్సు ఆగట్లేదు కాబట్టి ఊళ్ళో మనుషుల్లేరని తేల్చడం లాంటిదే. రాసేవాళ్ళు మునుపటికంటే తగ్గారు, కాదనను. అయితే రాతకంటే ఎక్కువగా దెబ్బతిన్నవి ఒక బ్లాగు నుంచి ఇంకో బ్లాగుకి వెళ్ళే దారులు. అవి ఎక్కడెక్కడ మూసుకుపోయాయో తెలిస్తే మళ్ళీ తెరుచుకోవడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు.

2006లో లేఖిని వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంటే పక్కనే తెలుగు అక్షరాలు పడే పేజీ; ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించుకోనక్కర్లేదు. అదే ఏడు కూడలి వచ్చింది. ఆ తర్వాత జల్లెడ, హారం, మాలిక. వీటిని సంకలినులు అనేవాళ్ళు. చేరిన ప్రతి బ్లాగు ఫీడునూ (యంత్రాలు చదువుకునేలా బ్లాగు బయటపెట్టే కొత్త రాతల జాబితాని) వంతులవారీగా తెరిచి చూసి, కొత్త టపా, అంటే బ్లాగులో రాసిన రాత, కనపడితే దాని శీర్షికనీ మొదటి నాలుగు మాటల్నీ తెచ్చి పైన పెట్టడం వాటి పని. పొద్దున్నే అక్కడికి పోతే ఆ రోజు తెలుగులో ఎవరేం రాశారో ఒక్క చూపులో తెలిసేది. తర్వాతర్వాత వాటిలో కొన్ని ఆగిపోయాయి, కొన్ని పలచబడ్డాయి. పైగా 2013 జులై 1న ఫీడులు చదివిపెట్టే గూగుల్ రీడర్ మూతపడడంతో సొంతంగా ఫీడులు పెట్టుకుని చదివేవాళ్ళకీ చేతిలో సాధనం పోయింది.

సంకలినుల్ని తలుచుకుని నిట్టూర్చేవాళ్ళు ఒక సంగతి మరిచిపోతారు. అక్కడ లెక్క ఒకటే: కొత్తది పైన, పాతది కింద. రోజుకి మూడు టపాలు వేసేవారు ఎప్పుడూ పైనే ఉంటారు. రెండు నెలలు తవ్వి ఒక శాసనం మీదో, ఒక పద్యవృత్తం నడక మీదో రాసినవారి టపా సాయంత్రానికల్లా కిందికి జారిపోతుంది. వ్యాఖ్యలకి విడిగా పేజీ ఉన్నచోట ఇంకా తమాషా: అజ్ఞాతలు ఎక్కడ కొట్టుకుంటుంటే గుంపంతా అక్కడే. నిజానికి తెలుగు బ్లాగుల్లో ఉన్న వైవిధ్యం ఆ పేజీల్లో కనపడినదానికంటే చాలా ఎక్కువ. అందుకే ఇంకో పెద్ద కూడలి ఎవరైనా కట్టిపెడతారేమోనని ఎదురుచూడడం దండగంటాను. ఎవరి కూడలి వాళ్ళు కట్టుకోవచ్చు, అందులో ఎవరి టపా ఎంతకాలం పైన ఉండాలో మనమే నిర్ణయించుకోవచ్చు.

మూసుకుపోయిన దారుల్లో అన్నిటికంటే పెద్దది, ఎవరూ పట్టించుకోనిది ఫోను. గూగుల్ నడిపే బ్లాగర్ సేవలోని బ్లాగ్‌స్పాట్ బ్లాగుల్లో చాలావాటికి పక్కన ఒక పట్టీ ఉంటుంది. ఆ బ్లాగరు చదివే బ్లాగుల జాబితా, పాత టపాల తేదీలు, విషయాల లేబుళ్ళు, అనుసరించేవాళ్ళ బొమ్మలు అన్నీ అందులోనే. ఫోనులో తెరిస్తే చిరునామా చివర ప్రశ్నార్థకం, ఎమ్, సమానం, ఒకటి అని చేరుతుంది. పాత మూసల్లో (టెంప్లేట్లలో) అది చేరగానే పక్కపట్టీ మొత్తం మాయం. టపా ఒక్కటే మిగులుతుంది, చదవడం అయిపోగానే వెనక్కి పోవడం తప్ప దిక్కుండదు. ఫోనుల్లోనే అంతర్జాలం మొదలుపెట్టినవాళ్ళకి అసలు అక్కడో జాబితా ఉందనే తెలియదు. విరుగుడు చిన్నదే. పేజీ అడుగున "వెబ్ వెర్షన్ చూడండి" అనే లంకె ఉంటే నొక్కాలి, లేదా చిరునామాలో ఆ ఒకటిని సున్నా చెయ్యాలి. కంప్యూటరు ఉంటే మరీ సుఖం.

ఆ జాబితా దొరికిందంటే సగం పని అయినట్టే. బ్లాగర్‌లో "నా బ్లాగు జాబితా" అనే గాడ్జెట్ వాడినవాళ్ళయితే ఒక్కో పేరు కిందా చివరి టపా ఎప్పుడు పడిందో కూడా కనపడుతుంది. కొత్తవి పైకి వచ్చేలా పెట్టి ఉంటే, పైన ఉన్న అయిదారూ ఇప్పటికీ ఊపిరితో ఉన్న బ్లాగులన్నమాట. ఒక మనిషి ఏళ్ళ తరబడి చదివి, ఇష్టపడి పక్కన పెట్టుకున్న పేర్లవి. ఏ యంత్రం ఇచ్చే సిఫారసైనా దీనిముందు దిగదుడుపే. పేర్ల జాబితా లేకపోతే వ్యాఖ్యల్లోకి దిగాలి. మంచి ప్రశ్న వేసినవాళ్ళ పేరు మీద నొక్కితే ప్రొఫైలు, ప్రొఫైలు కింద వాళ్ళ బ్లాగులు. తెలుగు బ్లాగుల్లో వ్యాఖ్యలు రాసినవాళ్ళు చాలావరకు తామూ బ్లాగరులే కాబట్టి ఈ దారి అరుదుగా తప్పుతుంది. పేరు పొందిన బ్లాగులో పది వ్యాఖ్యలు చూడడంకంటే, మూడే వ్యాఖ్యలున్న టపా కింద ఆ ముగ్గురినీ వెతుక్కుంటూ పోతే కొత్తవాళ్ళు ఎక్కువ దొరుకుతారు.

మొదటి బ్లాగు దొరకడానికైతే వెతుకులాట తప్పదు. తెలుగులో వెతకడం ఎందుకు విఫలమవుతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు.

ఒకటి, చిరునామా. బ్లాగ్‌స్పాట్ టపా శీర్షికలోని ఇంగ్లీషు అక్షరాలతోనే చిరునామా కడుతుంది. శీర్షిక పూర్తిగా తెలుగులో ఉంటే దానికేమీ దొరకదు. "బ్లాగ్-పోస్ట్" అని పెట్టి, వెనకాల ఒక అంకె తగిలిస్తుంది. పాత తెలుగు బ్లాగుల్లో వందల టపాలకి ఇదే పేరు, అంకెలే తేడా. చిరునామా చూసి అందులో ఏముందో మనిషికీ తెలియదు, యంత్రానికీ తెలియదు. వర్డ్‌ప్రెస్ అనే ఇంకో బ్లాగు వేదిక తెలుగు శీర్షికని ఉంచుతుంది గానీ, ఒక్కో తెలుగు సంకేతం చిరునామాలో తొమ్మిది గుర్తులుగా మారుతుంది. 200 గుర్తుల దగ్గర కత్తెర పడుతుంది కాబట్టి 22 సంకేతాలకే సరి. గుణింతం, పొల్లు, వత్తు అన్నీ విడివిడి సంకేతాలే. అంటే పది పన్నెండు అక్షరాలకి శీర్షిక మధ్యలో తెగిపోతుంది.

రెండు, రాతలో తేడాలు. పత్రికలు "వెళ్లాం" అంటాయి, బ్లాగుల్లో సగంమంది "వెళ్ళాం" అంటారు. "చేశాను", "చేసాను" రెండూ ఉన్నాయి. "సాఫ్ట్‌వేర్" మాటలో పొల్లు తర్వాత కంటికి కనపడని గుర్తు ఒకటి ఉంటుంది. అది పెట్టకపోతే వకారం కిందికి వత్తుగా దిగిపోయి "సాఫ్ట్వేర్" అవుతుంది. మనకి ఒకటే మాట, కంప్యూటరు దాచుకునే తీరులో రెండు వేరు. పెద్ద వెతుకుయంత్రాలు కొన్నిసార్లు సర్దుకుంటాయి, బ్లాగు లోపలి వెతుకుపెట్టె చాలాసార్లు సర్దుకోదు. కాబట్టి ఒక మాటని రెండు మూడు రకాలుగా కొట్టాలి. విభక్తులు, సంధులు సరేసరి: "అమ్మమ్మ ఇంట్లో" అని వెతికితే "అమ్మమ్మింట్లో" అని రాసిన టపా తప్పించుకుంటుంది.

మూడోది అన్నిటికంటే కష్టమైనది. బ్లాగరు శీర్షిక పెట్టేటప్పుడు వెతికేవాళ్ళ గురించి ఆలోచించరు. గోంగూర పచ్చడి ఎలా చెయ్యాలో రాసి "ఎర్ర కాడ కథ" అని పేరు పెడతారు. అది వాళ్ళ హక్కు, ఆ మాటకొస్తే వాళ్ళ అందం కూడా.

దీనికి తెలుగు వ్యాకరణంలోనే ఒక మంచి తాళంచెవి ఉంది. మన క్రియలోనే "నేను", "మేము" దాగి ఉంటాయి. వెళ్ళాను, తిన్నాం, చదివాను, నవ్వుకున్నాను. వార్తలు రాసేవాళ్ళకి ఈ రూపాలతో పని తక్కువ. సొంత మాట చెప్పేవాళ్ళకి ఇవి లేకుండా వాక్యం నడవదు. అందుకని "లేపాక్షి" అని వెతికితే పర్యాటక సైట్లు వస్తాయి, "లేపాక్షి వెళ్ళాం" అని ఉల్లేఖన గుర్తుల మధ్య వెతికితే మనుషులు కనపడడం మొదలవుతుంది. "మా నాయనమ్మ", "మా ఊళ్ళో", "చిన్నప్పుడు మా ఇంట్లో" లాంటివి జోడిస్తే ఇంకా మంచిది. ఊరి మాటలు కూడా ఇలాగే పనికొస్తాయి. సర్వపిండి అని వెతికితే ఒక గుంపు, గిన్నప్ప అని వెతికితే ఇంకొకరు, తపాలా చెక్క అంటే మరొకరు. సొరకాయ అనేవాళ్ళూ ఆనపకాయ అనేవాళ్ళూ ఒకే పేజీలో రారు. ఎంత ఇరుకు మాట వేస్తే అంత సొంత గొంతు దొరుకుతుంది.

దీనికి రెండు పరిమితులు కలపాలి. గూగుల్లో ఇంగ్లీషు అక్షరాల్లో సైట్ అని రాసి, కోలన్ పెట్టి, మధ్యలో ఖాళీ వదలకుండా బ్లాగ్‌స్పాట్ డాట్ కామ్ అని రాస్తే ఆ గూటిలోవి మాత్రమే వస్తాయి. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌తో ఇంకోసారి చెయ్యాలి. పాతవి కావాలంటే బిఫోర్ అని, కోలన్, 2013 అని చేర్చాలి. కొత్తవి కావాలంటే ఆఫ్టర్. కోలన్ తర్వాత ఖాళీ వదిలితే ఇవేవీ పనిచేయవు, ఎక్కువమంది చేసే తప్పు ఇదే.

వెతుకుతూ పోతే తగిలే రకాలు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. వంటలూ సినిమాలూ ఎలాగూ ఉంటాయి. అవి కాక పాత పుస్తకాలు చదివి పేజీలవారీగా గుణదోషాలు రాసుకునేవాళ్ళు, తాతల నాటి ఉత్తరాలు ఎక్కించేవాళ్ళు, నక్షత్రాలకి తెలుగు పేర్లు వెతికేవాళ్ళు, అమెరికాలో పెరటి తోటలో దోసపాదు ఎందుకు కాయలేదో మూడేళ్ళపాటు రాసేవాళ్ళు. శంకరాభరణం బ్లాగు తీసుకోండి. అక్కడ పద్యసమస్య ఇస్తారు; పూరణలన్నీ వ్యాఖ్యల్లో పద్యాలుగా వస్తాయి, తప్పొప్పుల చర్చా అక్కడే. టపాలో ఉండేది ఒక్క పాదం. శీర్షికలు చూసి పోయేవాళ్ళకి అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది, వ్యాఖ్యలు తెరిస్తే అష్టావధాన సభ. ఇలాంటిదాన్ని ఏ సంకలిని సారాంశమూ పట్టుకోలేదు.

ఇక దొరికినవాటిని పోగొట్టుకోకుండా ఉండడం. బుక్‌మార్కులు వద్దు, వాటిలో కొత్త టపా పడిందో లేదో తెలియదు, నెలలోపే మరిచిపోతాం. ఫీడు రీడరు, అంటే ఫీడులన్నీ ఒక్కచోట చేర్చి చూపించే సాధనం, పెట్టుకోవాలి. ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటివి బ్రౌజరులోనే పనిచేస్తాయి. ఆపిల్ వాళ్ళకి నెట్‌న్యూస్‌వైర్, ఆండ్రాయిడ్‌లో ఫీడర్ ఉన్నాయి. కంప్యూటరులో ఈమెయిలుకి థండర్‌బర్డ్ వాడేవాళ్ళకి దాంట్లోనే ఫీడుల గది ఉంది. ఏదైనా పరవాలేదు, జాబితాని బయటికి తీసుకునే వీలుందో లేదో మాత్రం ముందే చూసుకోండి.

మామూలుగా బ్లాగు చిరునామా ఇస్తే రీడరు తనే ఫీడు కనిపెడుతుంది. కనిపెట్టకపోతే చేత్తో ఇవ్వాలి. బ్లాగ్‌స్పాట్‌కైతే చిరునామా చివర ఇంగ్లీషులో /ఫీడ్స్/పోస్ట్స్/డిఫాల్ట్, వర్డ్‌ప్రెస్‌కి, సబ్‌స్టాక్ అనే వేదికకి /ఫీడ్, ఘోస్ట్ అనే ఇంకో వేదికకి /ఆర్ఎస్ఎస్. వ్యాఖ్యలు కూడా కావాలంటే బ్లాగ్‌స్పాట్‌లో /ఫీడ్స్/కామెంట్స్/డిఫాల్ట్, వర్డ్‌ప్రెస్‌లో /కామెంట్స్/ఫీడ్. సమస్యాపూరణల బ్లాగులకి ఈ రెండో ఫీడే అసలు ఫీడు. ఒకే మనిషి రాజకీయాలూ వంటా కలిపి రాస్తుంటే, మీకు వంటే కావాలంటే, బ్లాగ్‌స్పాట్ మొదటి ఫీడు చివర స్లాష్, చిన్న గీత, స్లాష్, ఆ తర్వాత లేబుల్ పేరు. లేబుల్ తెలుగులో ఉన్నా పనిచేస్తుంది. అక్షరం తేడా లేకుండా ఆ బ్లాగులోంచే కాపీ చెయ్యాలంతే.

ఫీడు ఇచ్చాక పాత టపాలు కనపడట్లేదని కంగారు పడొద్దు. బ్లాగ్‌స్పాట్ మామూలుగా చివరి 25 మాత్రమే పంపుతుంది, వర్డ్‌ప్రెస్ 10. అంతకుముందువి బ్లాగులోకి వెళ్ళి చదవాల్సిందే. రెండు వాక్యాలు వచ్చి ఆగిపోతే అది మీ రీడరు తప్పు కాదు. బ్లాగరు తన అమరికల్లో పూర్తి ఫీడు బదులు చిన్న ఫీడు ఎంచుకున్నారు. అసలేమీ రాకపోతే బ్లాగు ఆహ్వానితులకి మాత్రమే పరిమితమైందేమో చూడాలి.

విరిగిన లంకెల్లో ఒక రకం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2012 నుంచి మనదేశంలో బ్లాగ్‌స్పాట్ చిరునామాలు డాట్ కామ్ బదులు డాట్ ఇన్‌కి మళ్ళేవి. ఆ రోజుల్లో కాపీ చేసుకున్న లంకెలన్నీ అలాగే పక్కపట్టీల్లో, ఫేసుబుక్కులో, వికీపీడియా మూలాల్లో ఉండిపోయాయి. 2020లో ఆ డాట్ ఇన్ డొమైను గూగుల్ చేతిలోంచి జారిపోయింది. అవి నొక్కితే బ్లాగు రాకపోవచ్చు, ఇంకేదైనా రావొచ్చు. బ్లాగు చచ్చిపోయిందనుకుని వదిలేస్తారు చాలామంది. డాట్ ఇన్ తీసి డాట్ కామ్ పెట్టండి, ఎక్కువసార్లు బ్లాగు చెక్కుచెదరకుండా అక్కడే ఉంటుంది. సొంత డొమైను కొనుక్కుని, తర్వాత డబ్బు కట్టడం మానేసిన బ్లాగుల సంగతి వేరు. ఆ పేరుని జూదం సైట్లు పట్టుకుపోతాయి. అలాంటప్పుడు పాత పేజీల ప్రతుల్ని దాచే వేబ్యాక్ మెషీన్‌లో ఆ చిరునామా వేసి, జూదం మొదలవకముందు తేదీ ఎంచుకోవాలి. పాత బ్లాగ్‌స్పాట్ చిరునామా గుర్తుంటే దానితోనూ వెతకాలి, రెండు పేర్ల కింద రెండు రకాల ప్రతులు దొరకొచ్చు. మీకు విలువైనదనిపించిన టపా ఏదైనా కనపడితే అప్పుడే అక్కడి "సేవ్ పేజ్ నౌ" పెట్టెలో చిరునామా వేసి భద్రం చేయించండి. అర నిమిషం పని.

రీడరులో సర్దుకునేటప్పుడు విషయాన్నిబట్టి అరలు కట్టడం అందరికీ తోచే ఆలోచన: సాహిత్యం, వంట, సాంకేతికం. నెల తిరిగేసరికి ఇది బెడిసికొడుతుంది, ఎందుకంటే సొంత బ్లాగు ఒక విషయానికి కట్టుబడి ఉండదు. వేగాన్నిబట్టి కట్టడం మేలు. రోజూ రాసేవాళ్ళకి ఒక అర, నెలకోసారి రాసేవాళ్ళకి ఒకటి, ఎప్పుడో ఏడాదికోసారి పలికేవాళ్ళకి ఒకటి. మూడో అరలో అంకె పడితే మిగతావన్నీ పక్కన పెట్టి అదే చదవాలి. సంకలినిలో జారిపోయిన ఆ శాసనాల మనిషి ఇక్కడ పైకొస్తారు. పత్రికల ఫీడులు మాత్రం ఇందులో కలపకండి. రోజుకి వంద శీర్షికలు వచ్చి పడి, చదవనివాటి అంకె చూసి భయపడి రీడరే మూసేస్తారు. మొదట ఇరవై ముప్పై బ్లాగులు చాలు. మూడేళ్ళుగా ఉలుకూ పలుకూ లేని బ్లాగుని తీసేయాలనిపిస్తుంది, తీయకండి. మౌనంగా ఉన్న ఫీడు మీ సమయం ఒక్క క్షణం కూడా తినదు. ఉద్యోగ విరమణ తర్వాతా, పిల్లల పెళ్ళిళ్ళయ్యాకా లేచి కూర్చున్న బ్లాగులు ఉంటాయి.

ఇంగ్లీషు చదివేవాళ్ళకి ఈమధ్య కొత్త దారులు పడ్డాయి. 2022లో వచ్చిన ఊ డైరెక్టరీ బ్లాగుల్ని విషయాలవారీగా పేర్చి పెడుతుంది. కాగీ అనే వెతుకుయంత్రం వాళ్ళ స్మాల్ వెబ్ ఒక్కో నొక్కుకీ ఒక్కో సొంత బ్లాగు టపా చూపిస్తుంది. మార్జినేలియా అనే వెతుకుయంత్రం హంగులు తక్కువ, రాత ఎక్కువ ఉన్న పేజీల్ని ముందుకు తెస్తుంది. వీటిలో తెలుగు కోసం వెతకడం మాత్రం ఎండమావిలో నీళ్ళు తోడడమే. మన జాబితాలు మనమే చేసుకోవాలి.

చేసుకున్న జాబితాని ఇంకొకరికి ఇవ్వడానికి ఓపీఎంఎల్ అనే ఫైలు ఉంది. ఏ రీడరులోనైనా అమరికల్లో "ఎక్స్‌పోర్ట్" నొక్కితే బ్లాగుల పేర్లూ ఫీడు చిరునామాలూ ఉన్న చిన్న ఫైలు దిగుతుంది; అవతలివాళ్ళు తమ రీడరులో "ఇంపోర్ట్" చేసుకుంటే అన్నీ ఒకేసారి చేరతాయి. ఇచ్చేముందు ఒకసారి తెరిచి చూడండి. డబ్బు కట్టి చదివే న్యూస్‌లెటర్ల ఫీడుల్లో మీ ఒక్కరికే ఇచ్చిన తాళంచెవి చిరునామాలోనే కలిసి ఉండొచ్చు, అలాంటి వరుసలు తీసేయాలి.

చదివినట్టు అవతలివాళ్ళకి తెలియడం కూడా ముఖ్యమే. 2009 నాటి టపా కింద ఇవాళ వ్యాఖ్య రాసినా, ఈమెయిలు కబురు పెట్టుకున్న బ్లాగరుకి అది అందుతుంది. రాసి నొక్కాక వ్యాఖ్య మాయమైందంటే, చాలాసార్లు కారణం బ్రౌజరు ఇతర సైట్ల కుకీలని (లాగిన్ లాంటివి గుర్తుంచుకునే చిన్న ఫైళ్ళని) అడ్డుకోవడం. టపా కిందనే అతికించిన వ్యాఖ్యల పెట్టెకి మీరు లాగిన్ అయ్యారన్న సంగతి అందదు. ఆ సైటు వరకు కుకీలని అనుమతించాలి. నొక్కేముందు రాసిందంతా కాపీ చేసి ఉంచుకోవడం ఎలాగూ మంచిదే. బ్లాగు మీదే అయితే వ్యాఖ్యల పెట్టె విడి పేజీలో తెరుచుకునేలా పెట్టండి, ఈ తలనొప్పి మీ పాఠకులకి తప్పుతుంది.

మీరూ రాసేవాళ్ళయితే ఇంకో మూడు అమరికలు. ఫీడు పూర్తిగా ఇవ్వండి. బ్లాగ్‌స్పాట్‌లో టపా ప్రచురించకముందే కుడిపక్క పర్మాలింక్ (టపా చిరునామా) దగ్గర ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు మాటలు రాయండి. ప్రచురించి ఉన్నంతవరకు అది మార్చలేరు. మీరు చదివే బ్లాగుల జాబితాని పక్కపట్టీకి వదిలేయకుండా "నేను చదివేవి" అని విడి పేజీ చేసి పై మెనూలో పెట్టండి, అప్పుడు ఫోనులోనూ కనపడుతుంది. ఒట్టి పేర్లు రాస్తే ఎవరూ నొక్కరు. ఒక్కో పేరుకీ ఒక వాక్యం రాసి, ఆ బ్లాగు మొదటి పేజీకి బదులు అందులో మీకు బాగా నచ్చిన ఒక్క టపాకి లంకె ఇవ్వండి. మొదటి పేజీలో రేపు ఏముంటుందో ఎవరికీ తెలియదు.